పాత చందమామలు ఏం చెయ్యాలి?



ఇవాళ వంటల సంగతీ, పిల్లల దగ్గు సంగతీ పక్కన పెట్టి, అటకమీది ట్రంకుపెట్టె గురించి నాలుగు మాటలు చెబుదామనుకుంటున్నాను. మీ ఇంట్లో లేకపోతే మీ పుట్టింట్లోనైనా వుండే వుంటుంది అలాంటి పెట్టె. అందులో ఏముంటాయో వేరే చెప్పాలా? పాత చందమామలు!

మొన్న వేసవిలో తెనాలిలో మా అమ్మ వుంటున్న పెంకుటిల్లు ఖాళీ చెయ్యవలసి వచ్చింది. డెబ్భై దాటిన మనిషి, ఒక్కర్తీ అంత ఇంట్లో వుండలేక మా దగ్గరికి వచ్చేస్తానంది. మాదేమో విజయవాడలో రెండు పడగ్గదుల ఫ్లాటు. పందిరిమంచం ఒకరికి, గంగాళం ఒకరికి, రోలు వీధిలోకి. వీటి సంగతి ఒక్క పూటలో తేలిపోయింది. పెట్టె దగ్గరికి వచ్చేసరికి మాత్రం అందరం ఆగిపోయాం. అందులో 23 బైండు పుస్తకాలున్నాయి. ఏడాదికి ఒక బైండు. అవి కాక బైండు చేయించని విడి సంచికలు ఒక గోనెసంచీడు. మొదటి బైండ్లు మా తాతగారు చేయించినవి. తరవాతవి అమ్మ కాపరానికి వచ్చాక ఇంటిఖర్చులో మిగిల్చి చేయించినవి. ఒక్కొక్క దాని వీపుమీద సంవత్సరం సిరాతో రాసి వుంది.

అమెరికాలో వున్న మా తమ్ముడు ఫోనులో చూసి, "అవన్నీ నెట్లో వున్నాయక్కా, కాగితాలవాడికి ఇచ్చెయ్యి" అన్నాడు. వాడన్నది అబద్ధమేమీ కాదు. అభిమానులు ఎందరో తమ దగ్గరున్న సంచికల్ని ఓపిగ్గా స్కాన్ చేసి ఇంటర్నెట్లో పెట్టారు. వాళ్ళకి చేతులెత్తి నమస్కరించాలి. మావారు ఏమీ అనలేదు, మా ఇంట్లో అటక ఎంత వెడల్పో టేపు పెట్టి కొలవడం మొదలుపెట్టారు. మావాడు ఒక బైండు తెరిచి, రెండు పంక్తులు కూడబలుక్కుని, బొమ్మలు చూసి మూసేశాడు. అసలు మనిషి, అంటే మా అమ్మ, "నీ ఇష్టమే!" అంది. ఆడవాళ్ళం "నీ ఇష్టమే" అన్నామంటే అందులో ఎంత ఇష్టం వుంటుందో మీకు తెలియనిది కాదు.

ఇంత తటపటాయింపు దేనికీ అని నన్ను నేనే అడిగాను. మనం ఎన్ని పుస్తకాలు చదవలేదు, ఎన్ని పారెయ్యలేదు? ఇవి మాత్రం చేతిని ఎందుకు పట్టుకుంటాయి?

చందమామ మొదటి సంచిక 1947 జులైలో వచ్చింది. స్వాతంత్ర్యం రావడానికి నెల ముందు. నాగిరెడ్డిగారూ, చక్రపాణిగారూ కలిసి మద్రాసులో పెట్టారు. సినిమాలు తీసిన చేతులే ఇవీ చేశాయి. తెలుగుతోపాటు తమిళంలో 'అంబులిమామ' పేరుతో మొదలైంది, ఆ తరవాత దేశంలోని మరెన్నో భాషల్లోకి వెళ్ళింది. చక్రపాణిగారిది మా తెనాలే. 1952 నుంచి 1980లో పోయేదాకా పత్రికని దిద్దిన కొడవటిగంటి కుటుంబరావుగారిదీ తెనాలే. మా వూరివాళ్ళకి ఇది కాస్త గొప్పగా చెప్పుకునే అలవాటుంది, ఏమీ అనుకోకండి.

పెద్దలకి కథలూ నవలలూ రాసిన కుటుంబరావుగారు పిల్లల పత్రికలో చేసిన పని చూడండి. కథలో ఎక్కడా వర్ణనలు దట్టించరు. నీతి చివర్లో అంటించరు. ఒక వూళ్ళో ఒక రైతు వుంటాడు, వాడికో కష్టం వస్తుంది, వాడు దాన్నుంచి బయటపడతాడు. అంతే. చిన్న వాక్యాలు, మనం ఇంట్లో మాట్లాడే మాటలు. పలకమీద గుణింతాలు దిద్దుతున్న పిల్ల కూడా పక్కన ఎవరూ లేకుండా చదువుకోవచ్చు. నేను తెలుగు చదవడం బళ్ళో నేర్చుకున్నాననుకునేదాన్ని. బైండ్లు ముందేసుకుని కూర్చుంటే తెలిసింది, బళ్ళో అక్షరాలు మాత్రమే నేర్చుకున్నాను. పదో తరగతితో నా చదువు ఆగిపోయినా ఇవాళ ఈ మైకు ముందు కూర్చుని మీతో మాట్లాడగలుగుతున్నానంటే ఆ వాక్యాల చలవే.

ఇక సీరియళ్ళు! తోకచుక్క, రాకాసిలోయ, పాతాళదుర్గం, శిథిలాలయం, యక్షపర్వతం... పేర్లు చెబుతుంటేనే కొందరికి ఒళ్ళు జలదరిస్తుందని నాకు తెలుసు. వీటిని రాసినది దాసరి సుబ్రహ్మణ్యంగారు. అప్పట్లో కథల మీద ఆయన పేరు వుండేది కాదు. శిఖిముఖీ విక్రమకేసరీ తెలుసు, ఖడ్గవర్మా జీవదత్తుడూ తెలుసు, వాళ్ళని పుట్టించిన మనిషి పేరు తెలియకుండానే రెండు తరాలవాళ్ళు పెద్దవాళ్ళయిపోయారు. ఆయన 2010లో పోయారు. ఆ సీరియళ్ళు తరవాత విడి పుస్తకాలుగా వచ్చాయి. చిత్రాగారి బొమ్మల్లో ఆ మాంత్రికుల గడ్డాలూ, ఆ కోటగోడలూ ఇప్పటికీ నాకు కళ్ళు మూసుకున్నా కనబడతాయి. కథ మరిచిపోయినా బొమ్మ మరుపు రాకపోవడం మీరూ గమనించే వుంటారు. ముఖచిత్రాల్లో వడ్డాది పాపయ్యగారి ఆడవాళ్ళు కట్టుకున్న చీరల రంగులైతే మా పిన్నులు కొట్టువాడికి పుస్తకం చూపించి అడిగేవారట.

సీరియల్లో ఒక కిటుకు వుంది. అసలు చిక్కంతా అక్కడే వుందని నాకనిపిస్తుంది. కథానాయకుడు కొండ అంచున వేళ్ళాడుతుండగా ఆ నెల భాగం అయిపోతుంది. నెలరోజులు ఆగాలి. ఆ నెలరోజులూ మనం చదవం, కానీ కథ మనలో నడుస్తూనే వుంటుంది. నీళ్ళు మోస్తున్నా, జడ వేయించుకుంటున్నా వాడు కొండ మీదనుంచి ఎలా దిగుతాడా అనే ఆలోచనే. ఒక పుస్తకం మొదలుపెట్టి నాలుగు రోజుల్లో ముగిస్తే అది మన ఇంటికొచ్చి వెళ్ళిన చుట్టం. నెలనెలా వస్తూ ఏళ్ళతరబడి నడిచినది చుట్టం కాదు, ఇంట్లో మనిషే. అందుకే దాన్ని వదలడం పుస్తకం వదిలినట్టు వుండదు.

పైగా మనం దానికి సరిగ్గా వీడ్కోలు చెప్పిందెప్పుడు? నా సంగతే చెబుతాను. 1998లో చందమామ అచ్చు ఆగిపోయింది. నాకు అప్పటికి ఇరవై ఏళ్ళు, కొత్తగా కాపరానికి వచ్చాను. అది ఆగిందని కూడా నాకు తెలియదు. 1999 చివర మళ్ళీ మొదలైంది. అదీ తెలియదు. తరవాత చేతులు మారింది. నా కొడుక్కి మూడేళ్ళప్పుడు బస్టాండులో పుస్తకాల బడ్డీలో వేళ్ళాడుతుంటే చూసి, "అరె, ఇది ఇంకా వస్తోందా!" అని ఒకటి కొన్నాను. వాడు పెద్దయ్యాక నెలనెలా కొనాలి అనుకున్నాను. వాడు పెద్దవాడయ్యాడు. 2013కల్లా అచ్చు పూర్తిగా ఆగిపోయింది. అది కూడా నాకు రెండుమూడేళ్ళ తరవాత ఎవరో మాటల్లో అంటే తెలిసింది. ఆ పూట వంటింట్లో చాలాసేపు వూరికే నిలబడ్డాను. అక్షరం నేర్పిన మనిషి పోతే, పదోరోజు కూడా అయిపోయాక కబురు తెలిసినట్టుంది. పదిహేనేళ్ళు దాని వంక తిరిగి చూడనిదాన్ని, ఇప్పుడు కళ్ళనీళ్ళు పెట్టుకోవడానికి నాకు హక్కెక్కడిది అని కూడా అనిపించింది.

ఆఖరి సంచిక అని తెలిసి చదివినవాళ్ళు మనలో ఎంతమంది వుంటారు? బాగా తక్కువమంది. పిల్లలు ఒక పత్రిక చదవడం ఫలానా రోజున మానెయ్యరు. ఒక నెల పరీక్షలొస్తాయి, ఒక నెల జ్వరం, ఒక నెల వారపత్రికలో ప్రేమకథల మీదికి మనసు పోతుంది. అంతే, అయిపోతుంది. వీడ్కోలు చెప్పలేదు కనకే ఆ బాకీ పెట్టెలో వుండిపోతుంది. అటక ఖాళీ చేసే రోజున అది మన ఒళ్ళో పడుతుంది.

సామాన్లన్నీ కట్టేసిన రాత్రి, మంచాలు కూడా పంపేశాం కనక, అమ్మా నేనూ నేలమీద చాపలు వేసుకుని పడుకున్నాం. నిద్ర పట్టక నేను ఒక బైండు తెరిచి బేతాళ కథ ఒకటి పైకి చదివాను. శంకర్‌గారి బొమ్మ మీకు గుర్తుండే వుంటుంది. చేతిలో కత్తి, భుజాన శవం, చుట్టూ పుర్రెలూ పాములూ, వెనక ఆ చెట్టు. ఆయన తొంభై ఏళ్ళు దాటి బతికి 2020లో కన్నుమూశారు. చదవడం అయ్యాక అమ్మ అంది, "ఇన్నేళ్ళు మోశాడు గదా, చివరికి ఆ శవాన్ని చేర్చవలసిన చోటికి చేర్చాడా లేదా?" అని.

చందమామలో చదివినంతలో చేర్చలేదు. చేర్చడు కూడా. ప్రతి నెలా బేతాళుడు కథ చెప్పి ఒక చిక్కు ప్రశ్న వేస్తాడు. జవాబు తెలిసీ చెప్పకపోతే తల పగులుతుందంటాడు. రాజు నోరు విప్పుతాడు. విప్పగానే శవం మళ్ళీ చెట్టుకి వేళ్ళాడుతుంది. రాజు మౌనంగా వుండిపోయిన నెల నాకైతే ఒక్కటీ కనబడలేదు. పాత సంస్కృత కథలు పాతికే. మన చందమామవాళ్ళు ఆ చెట్టునీ, ఆ శవాన్నీ వుంచుకుని ఎన్ని వందల కొత్త కథలు అల్లారో!

కానీ పాత కథకి ముగింపు వుంది. పదకొండో శతాబ్దంలో కాశ్మీరంలో సోమదేవుడు రాసిన కథాసరిత్సాగరంలో అది వుంది. నేను తెలుగు వచనంలో చదివాను. అందులో రాజు పేరు త్రివిక్రమసేనుడు. ఆయన రాజధాని ఎక్కడో తెలుసా? ప్రతిష్ఠానం, మన గోదావరి ఒడ్డునే, ఎగువన మహారాష్ట్రలో. క్షాంతిశీలుడనే భిక్షువు రోజూ కొలువుకి వచ్చి ఒక పండు ఇచ్చి వెళుతుంటాడు. పదేళ్ళు ఇచ్చాడు. ఒకనాడు పెంపుడుకోతి పండు కొరికితే లోపల రత్నం బయటపడుతుంది. ఇన్ని రత్నాలిచ్చినవాడికి ఏం చేసి రుణం తీర్చుకోను అంటాడు రాజు. శింశుపా చెట్టుకి వేళ్ళాడే శవాన్ని నోరెత్తకుండా మోసుకురమ్మంటాడు భిక్షువు. అక్కణ్ణించి మీకు తెలిసిందే.

ఇరవైనాలుగో కథ ఏమిటంటే, ఒక తండ్రీ కొడుకూ అడవిలో ఇద్దరు ఆడవాళ్ళ అడుగుజాడలు చూసి, పెద్ద పాదాలావిడని తండ్రీ, చిన్న పాదాలావిడని కొడుకూ చేసుకోవాలని ఒప్పందం చేసుకుంటారు. తీరా చూస్తే వాళ్ళు తల్లీ కూతుళ్ళు, పెద్ద పాదాలు కూతురివి! మాట ప్రకారం తండ్రి కూతుర్ని చేసుకున్నాడు, కొడుకు తల్లిని చేసుకున్నాడు. ఈ రెండు జంటలకీ పుట్టిన పిల్లలు ఒకరికొకరు ఏమవుతారు? అదీ ప్రశ్న. వరసలు కలపడంలో ఆరితేరిన మా అమ్మే వేళ్ళు మడిచి లెక్క పెట్టి, "ఛీ, ఇదేం వరస!" అని చెయ్యి విదిలించింది. రాజుకీ తెలియలేదు. తెలియక వూరుకున్నాడు. శవం భుజం మీదనుంచి కదల్లేదు. మొదటిసారిగా నడక సాగింది.

అప్పుడు బేతాళుడే మెచ్చుకుని గుట్టు విప్పుతాడు. ఆ భిక్షువు నిన్ను సాష్టాంగపడమని, పడ్డాక తల నరికి బలి ఇస్తాడు, కనక "నేను రాజుని, నాకు చేతకాదు, ఎలాగో నువ్వు చేసి చూపించు" అని అడుగు, వాడు వంగగానే నరుకు, అంటాడు. రాజు అలాగే చేస్తాడు. వరం కోరుకోమంటే ఏం కోరాడు? రాజ్యాలు కాదు, ఈ కథలు లోకంలో నిలిచిపోవాలన్నాడు.

అమ్మ కాసేపు ఏమీ మాట్లాడలేదు. తరవాత, "మరి ముందే నోరు మూసుకుని వుంటే ఆ మోత తప్పేది గదా!" అంది. "మూసుకునుంటే మన చందమామ ఏమయ్యేదమ్మా?" అన్నాను. ఇద్దరం నవ్వుకున్నాం. ఆవిడ పడుకునేముందు, "పొద్దున ఆ పెట్టె సంగతి చూడు" అంది. ఈసారి "నీ ఇష్టమే" అనలేదు.

ఇప్పుడు అసలు పనికి వద్దాం. మీ పెట్టె తెరిచేటప్పుడు పనికొచ్చే సంగతులు నాకు తెలిసినంతలో చెబుతాను.

ముందుగా, ఆ కాగితం ఎందుకు పచ్చబడి పెళుసెక్కుతుందో తెలుసుకోండి. చవకరకం కాగితం కలపగుజ్జుతో చేస్తారు. ఆ కలపలో వుండే పదార్థం ఒకటి వెలుతురూ గాలీ తగిలితే గోధుమరంగుకి తిరుగుతుంది, కాగితంలో పులుపుగుణం పెరిగి పీచు చిట్లిపోతుంది. అయినదాన్ని మనం వెనక్కి తేలేం. నెమ్మదింపజెయ్యగలం. పుస్తకాలు ఆరుతాయని మిట్టమధ్యాహ్నం ఎండలో పెట్టకండి. నీడలో, గాలి తగిలేచోట గంటో రెండు గంటలో చాలు. విడి సంచికలకి మధ్యలో ఇనపపిన్నులుంటాయి, అవి తుప్పు పట్టి చుట్టూ కాగితాన్ని తినేస్తాయి. మొండి చాకుతో పిన్ను కాళ్ళు నిలబెట్టి మెల్లగా తీసేసి, తెల్ల నూలుదారంతో రెండు కుట్లు వేస్తే సరిపోతుంది. చిరిగినచోట సెలోటేపు అంటించకండి, బతిమాలి చెబుతున్నాను. నాలుగేళ్ళకి అది జారిపోయి, నూనెమరకలాంటి పసుపు మరక మిగులుతుంది. మా బైండ్లలో మూడు అలాగే పాడయ్యాయి. అంటించినది నేనే, పన్నెండేళ్ళప్పుడు.

ప్లాస్టిక్ సంచిలో బిగించి కట్టడం మంచిదనుకుంటాం. లోపల చెమ్మ చిక్కుకుని బూజు పడుతుంది. ఉతికిన పాత నూలుచీర ముక్క అన్నిటికన్నా మేలు. వెండిరంగులో సర్రున పాకే పురుగు వుంటుందే, అది జిగురునీ కాగితాన్నీ తింటుంది, దానికి తేమా చీకటీ ఇష్టం. పెట్టెని గోడకి ఆనించకుండా, కింద ఇటికలు పెట్టి, వానాకాలం వెళ్ళగానే ఏటా ఒకసారి తెరిచి దులపండి. నేను ఎండిన వేపాకు గుడ్డలో కట్టి పెడతాను. కలరా వుండలు ఇరుకు ఇళ్ళలో, చంటిపిల్లలున్న చోట వాడకపోవడమే మంచిది.

ఫోనుతో బొమ్మలు తీసుకుని దాచుకోవాలనుకుంటే బైండుని బల్లమీద వెల్లకిలా నొక్కకండి, వీపు విరుగుతుంది. రెండువైపులా దిండ్లు పెట్టి సగం తెరిచి తియ్యండి. ముందు మీకు కావలసిన సంవత్సరం నెట్లో వుందేమో చూడండి, వుంటే ఆ శ్రమ అక్కర్లేదు. కాని వుండనిది ఒకటుంది. మీ పుస్తకం అంచున మీ అన్నయ్య రాసిన రాతలు, ఫోటో వ్యాఖ్యల పోటీకి మీ నాన్నగారు పెన్సిలుతో రాసుకుని పంపకుండా వుంచేసిన వ్యాఖ్య, ఇలాంటివి నెట్లో వుండవు. వాటికి బొమ్మ తీసుకోండి.

ఎవరికైనా ఇవ్వాలంటే ముందు అడగండి. మేము ఒక గ్రంథాలయంలో అడిగితే, బైండు గట్టిగా వున్నవి తీసుకుంటామన్నారు, విడివి వద్దన్నారు. వాళ్ళ ఇబ్బంది వాళ్ళది. విడి సంచికలు మా వీధిలో పిల్లలకి సాయంత్రం తెలుగు చెప్పే ఒక రిటైరయిన మాస్టారమ్మకి ఇచ్చాను. "ఇవి చిరుగుతాయమ్మా, పిల్లలు కదా" అని ముందే చెప్పిందావిడ. చిరగనివ్వండి అన్నాను. అనడానికి కాస్త కష్టమే అయింది.

23 బైండ్లలో 19 గ్రంథాలయానికి వెళ్ళాయి. సెలోటేపు వేసిన మూడూ నేను వుంచుకున్నాను, వాటిని ఎవరూ తీసుకోరు గదా. మిగిలిన ఒక్కటీ అమ్మ ఏరుకుంది. ఏది తీసుకుంటుందో అని చూశాను. యక్షపర్వతం వున్నది కాదు, ముఖచిత్రాలు బాగున్నదీ కాదు. తాతగారు చేయించిన మొట్టమొదటి బైండు. అట్ట లోపలివైపు ఆయన అక్షరాలతో అమ్మ పేరూ, ఆవిడ అప్పటి తరగతీ రాసి వున్నాయి. మూడో తరగతి.

అది ఇప్పుడు మా ఇంట్లో ఆవిడ మంచం పక్కన, కళ్ళజోడు డబ్బా కింద వుంటోంది. మావాడు రాత్రిళ్ళు పాలు తాగుతూ ఆవిడ పక్కన కూర్చుంటే ఆవిడ చదువుతుంది, వాడు బొమ్మ చూస్తాడు. మొన్న బేతాళుడి ప్రశ్నకి రాజుకన్నా ముందు వాడే జవాబు చెప్పబోతే, "నువ్వు వూరుకోరా, శవం చెట్టెక్కేస్తుంది!" అని కసిరింది.